ఏం తక్కువైందని?

ప్రియమైన నాన్నకు,

వందనాలు. అమ్మ మోకాళ్ల నొప్పులు తగ్గుముఖం పట్టాయని తమ్ముడు చెప్పాడు, మనసు కుదుటపడింది.

మొన్న ఫోన్‌లో మీరన్న మాట మాత్రం ఇంకా మింగుడుపడలేదు. ఆరాధన అయ్యాక ఒక గంట కూర్చుని ప్రసంగం మీద ప్రశ్నలు అడుగుతామని యూత్ వాళ్లు కాగితం పెడితే, మన చర్చి కమిటీ "మన పద్ధతి కాదు, ఇప్పుడు మనకేం తక్కువైందని?" అని పక్కన పెట్టేసిందన్నారు. సెక్రటరీ మీరే కాబట్టి మీకే రాస్తున్నాను. తనకేమీ కొదువ లేదని బైబిల్లోని లవొదికయ సంఘం కూడా అనుకుంది కదా నాన్నా. సండే స్కూల్లో ఆ పాఠం మాకు చెప్పింది మీరే.

ఇక్కడ ఇంగ్లండ్‌లో, లెస్టర్‌లోని మా చర్చికి వెళ్లిన కొత్తలో ఖాళీగా ఉన్న ఒక బెంచీలో కూర్చున్నాను. ఒక పెద్దావిడ వచ్చి, అది తన చోటని ఎంతో మర్యాదగా చెప్పింది. చుట్టూ వంద మందికి సరిపడా చోటుంది! ఉన్నవాళ్లు ఇరవై మంది, దాదాపు అందరివీ నెరిసిన తలలే. మనకు మిషనరీలను పంపిన దేశం ఇది. పిల్లలు గొడవపడి వెళ్లిపోలేదట. ఏది అడిగినా "ఇక్కడ అలా చెయ్యం" అని విని విని, రావడం మానేశారట. అదొక్కటే కారణం అనను, కానీ అదీ ఒకటి.

ఇప్పుడు నెలకోసారి మెస్సీ చర్చ్ పెడుతున్నారు. 2004లో పోర్ట్స్‌మత్ దగ్గర ఒక చర్చిలో మొదలైన పద్ధతి ఇది. హాల్లో బల్లల మీద పాత పేపర్లు పరుస్తారు. పిల్లలు, వాళ్ల అమ్మానాన్నలు కలిసి అట్టలతో, జిగురుతో నోవహు ఓడ చేస్తారు. తర్వాత చిన్న ఆరాధన, అందరికీ భోజనం. నన్ను లేపిన పెద్దావిడకు ఈ గోల ఇప్పటికీ నచ్చదు. సాసేజ్‌లు వేయించడానికి మాత్రం అందరికంటే ముందే వచ్చేస్తుంది.

కొత్తదల్లా మంచిదని నేననను. చర్చిలో పెద్ద సౌండ్ బాక్సులు వద్దనే విషయంలో నేను మీ పక్షమే.

కానీ "మన పద్ధతి కాదు" అన్నారు చూడండి, ఆ పద్ధతి ఎక్కడిది? పురుషోత్తమ చౌదరి గారు మన రాగాల్లో క్రైస్తవ కీర్తనలు కట్టినప్పుడు అవి కొత్తవే. తిరునల్వేలి వైపు నుంచి వచ్చి తెలుగు నేర్చుకున్న అజరయ్య గారు 1912లో బిషప్ అయ్యేవరకు ఆంగ్లికన్ సంఘంలో భారతీయ బిషప్పే లేరు. 1939లో ప్రతిష్ఠ అయిన డోర్నకల్ కెథడ్రల్‌కు గుమ్మటాలు, మన గుళ్ల తరహా స్తంభాలు పెట్టించారు. దాని ముందు ఫొటో దిగందే మీరు ఊరు దాటరు. సంఘాల ఐక్యత కోసం 1919లో తమిళనాట తరంగంబాడిలో మొదలైన మాటలు తేలి సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) ఏర్పడేసరికి 1947 సెప్టెంబర్ వచ్చింది. అంతకు రెండేళ్ల ముందే అజరయ్య గారు కన్నుమూశారు. ఆ ఇరవై ఎనిమిదేళ్లలో "ఇప్పుడేం తక్కువైంది" అన్నవాళ్లు ఉండే ఉంటారు. వాళ్ల మాటే నెగ్గి ఉంటే మీ కమిటీకి సి.ఎస్.ఐ. పేరున్న ఆ లెటర్‌హెడ్డే ఉండేది కాదు.

ఇంకోటి. ఇంగ్లండ్ చర్చిలో మొదటి మహిళా బిషప్ 2015లో వచ్చారు. మన నంద్యాలలో పుష్పలలిత గారు 2013లోనే అయ్యారని చెబితే ఇక్కడివాళ్లు కళ్లు పెద్దవి చేశారు. నాకెంత గర్వమనిపించిందో! అలాంటి సంఘం పిల్లలు అడిగే ప్రశ్నలకు భయపడుతోందంటే వీళ్లకు ఏమని చెప్పను?

పాస్టర్ అయ్యగారికి ప్రశ్నలంటే ఇబ్బందైతే, ముందు రోజే రాసిమ్మనండి. మూడు నెలలు చూసి, కుదరకపోతే ఆపేయండి. కాగితం పెట్టినవాళ్లలో ఒకరిద్దరినైనా కమిటీ మీటింగ్‌కు పిలిచి, వాళ్ల ఎదుటే మాట్లాడండి.

మీటింగ్ ఏ రోజో చెబితే ఆ రాత్రి ఫోన్ చేస్తాను. ఈ ఉత్తరం తమ్ముడికి చూపించొద్దు, ఆ కాగితం రాసింది వాడేనని నాకు అనుమానం.

మీ కూతురు