లైవ్ గేమ్ తడబడితే ముందు చూడాల్సింది మూడు అంకెలు

సంపాదకులకు నమస్కారాలు.

ఆడుతున్న వీడియో గేమ్‌ను అదే సమయంలో లైవ్‌గా చూపించేవారి కోసం గత వారం మీ సాంకేతిక పేజీలో వచ్చిన వ్యాసం శ్రద్ధగా చదివాను. లైవ్ ఆగి ఆగి వస్తుంటే ఇంటర్నెట్ వేగం పెంచుకోవాలనీ, అప్పటికీ సర్దుకోకపోతే గేమ్‌కు ఒకటి, ప్రసారానికి ఒకటి చొప్పున రెండు కంప్యూటర్లు పెట్టుకోవాలనీ అందులో రాశారు. ఆ రెండు మార్గాలూ ఉన్నవే. అయితే చివరగా ఆలోచించాల్సిన వాటిని మొదటే చెప్పి, మొదట చేయాల్సిన పరీక్షను అసలు ప్రస్తావించకపోవడం వల్ల, ఉన్న ఒక్క కంప్యూటర్‌తోనే నెట్టుకొస్తున్న పాఠకులు అనవసరమైన ఖర్చులోకి దిగే ప్రమాదం ఉందనిపించి ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను అలా దిగినవాడినే. లైవ్ మొదలుపెట్టిన కొత్తలో నా తెర మీద గేమ్ నున్నగా సాగేది, చూసేవాళ్లకు మాత్రం బొమ్మ గెంతుతూ వెళ్లేది. అడిగిన ప్రతివారూ నెట్ సరిపోవడం లేదన్నారు. రెండుసార్లు ప్లాన్ మార్చాను, ఫలితం లేదు. ఆ తరువాత ఒక దుకాణంలో గ్రాఫిక్స్ కార్డు పాతబడిందన్నారు. కొత్తది కొనడానికి సిద్ధపడుతున్న సమయంలో, నాకన్నా చాలా చిన్నవాడైన ఒక కుర్రవాడు, లైవ్ పంపడానికి నేను వాడే ఓబీఎస్ అనే సాఫ్ట్‌వేర్‌లో స్టాట్స్ విండో తెరిచి చూపించమన్నాడు. అప్పటివరకూ అలాంటిది ఒకటి ఉందని కూడా నాకు తెలియదు. ఆ రాత్రి గేమ్ సెట్టింగుల్లో ఒకే ఒక అంకె మార్చాం. పాత కార్డుతోనే, పాత నెట్‌తోనే లైవ్ కుదుటపడింది.

ఓబీఎస్ 2012 నుంచి ఉచితంగా దొరుకుతున్న సాఫ్ట్‌వేర్. దాని స్టాట్స్ విండోలో మూడు లెక్కలు వేరువేరుగా కనిపిస్తాయి. రెండరింగ్ (చిత్రాన్ని కూర్చే పని) ఆలస్యం వల్ల తప్పిపోయిన ఫ్రేములు, అంటే వీడియోలోని ఒక్కో చిత్రం, ఒకటి, ఎన్‌కోడింగ్ (చిత్రాన్ని కుదించి వీడియోగా మార్చే పని) ఆలస్యం వల్ల వదిలేసిన ఫ్రేములు రెండవది, నెట్‌వర్క్ వల్ల జారిపోయిన ఫ్రేములు మూడవది. చూసేవారి కంటికి ఈ మూడూ ఒకే తడబాటుగా కనిపించవచ్చు, కానీ వాటి కారణాలు వేరు, మందులు వేరు. ఒకదానికి పనికొచ్చే మందు మరొకదాన్ని ఇంకా పెంచవచ్చు కూడా. పది నిమిషాలు మామూలుగా ఆడుతూ లైవ్ ఇచ్చి, ఈ మూడింటిలో ఏ అంకె పెరుగుతోందో చూడకుండా ఏ సెట్టింగునూ ముట్టుకోకూడదని నా దృఢమైన అభిప్రాయం.

ఒకే కంప్యూటర్ వాడేవారిని అన్నిటికన్నా ఎక్కువగా తప్పుదారి పట్టించేది మొదటి అంకె కాబట్టి దాని గురించి కొంచెం వివరంగా రాస్తాను. గేమ్ దృశ్యం, వెబ్‌క్యామ్ బొమ్మ, పక్కన కదిలే అక్షరాలు, వీటన్నిటినీ ఒకదానిమీద ఒకటి పేర్చి ఒక్క చిత్రంగా చేసే పనిని ఓబీఎస్ గ్రాఫిక్స్ కార్డు మీదే చేస్తుంది. సెకనుకు 60 ఫ్రేముల లైవ్ అంటే ఆ కూర్పు ప్రతి 16.7 మిల్లీసెకన్లకు ఒకసారి పూర్తికావాలి. ఫ్రేమ్ రేటుకు హద్దు పెట్టని గేమ్, కార్డులో ఎంత శక్తి ఉంటే అంతా వాడేసుకుని 180, 200 ఫ్రేములు గీస్తూ పోతుంది. కార్డు వాడకం 99 శాతం దగ్గర నిలిచిపోతుంది. ఆ స్థితిలో ఓబీఎస్‌కు తన వంతు సకాలంలో రాదు. ఆడేవారి తెర మీద గేమ్ అద్భుతంగా సాగుతూనే లైవ్ మాత్రం గెంతడానికి కారణం ఇదే. ఇక్కడ నెట్ ప్లాన్ మార్చడం కాలికి దెబ్బ తగిలితే చేతికి కట్టు కట్టడం వంటిది.

దీనికి మందు గేమ్‌కు కళ్లెం వేయడం. గేమ్ సెట్టింగుల్లోనో, గ్రాఫిక్స్ డ్రైవర్‌లోనో ఫ్రేమ్ రేటుకు గరిష్ఠ హద్దు పెట్టి, కార్డులో పదో పదిహేనో శాతం ఖాళీగా ఉండేలా చూసుకోవాలి. హద్దు పెట్టినా కార్డు నిండిపోతూనే ఉంటే నీడల నాణ్యత, ప్రతిబింబాలు వంటి బరువైన వాటిని ఒక్కో మెట్టు తగ్గించాలి. విండోస్‌లో ఓబీఎస్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిస్తే కార్డు దగ్గర దానికి ప్రాధాన్యం దొరుకుతుంది. ఇది ఒక్క క్లిక్కుతో అయ్యే పని కనుక ముందు దీన్నే చేసి చూడమంటాను. తన లైవ్ తానే చూసుకోవడానికి అదే కంప్యూటర్‌లో బ్రౌజర్ తెరిచి పెట్టే అలవాటు కూడా కార్డు మీద అదనపు భారమే. ఆ పనికి ఫోన్ చాలు. ఓబీఎస్ సీన్లలో వాడని బ్రౌజర్ సోర్సులు (వెబ్ పేజీని లైవ్‌లో చూపించే భాగాలు), కదిలే అలంకారాలు ఉంటే తీసేయాలి.

హద్దు ఎంత పెట్టాలన్న ప్రశ్నకు కూడా ఒక లెక్క ఉంది. గేమ్ సెకనుకు 144 ఫ్రేములు గీస్తూ, లైవ్ 60 ఫ్రేములే తీసుకుంటుంటే, లైవ్‌లోని ఒక్కో ఫ్రేముకు గేమ్‌లో 2.4 ఫ్రేములు వస్తాయి. సగం ఫ్రేము అంటూ ఉండదు కాబట్టి ఒకసారి రెండు, ఒకసారి మూడు దాటి తీసుకోవాల్సి వస్తుంది. స్టాట్స్ విండోలో మూడు అంకెలూ సున్నాగానే ఉండి, చూసేవారికి మాత్రం కదలిక అసమానంగా అనిపించే సందర్భాల్లో కొన్నిటికి కారణం ఇదే. హద్దును 120కి పెడితే ప్రతి రెండో ఫ్రేమూ సమంగా లైవ్‌లోకి వెళుతుంది. కార్డు అంత మోయలేకపోతే 60 పెట్టుకోవచ్చు. నా విషయంలో ఆ రాత్రి మార్చిన అంకె ఇదే.

రెండవ అంకె పెరుగుతుంటే, కూర్చిన చిత్రాన్ని కుదించి వీడియోగా మార్చే ఎన్‌కోడర్ వెనకబడుతోందని అర్థం. ఎక్స్264 అనే ఎన్‌కోడర్ ఈ పనిని ప్రాసెసర్ మీద చేస్తుంది, గేమ్‌కూ అదే ప్రాసెసర్ కావాలి. దానిలో అల్ట్రాఫాస్ట్, సూపర్‌ఫాస్ట్, వెరీఫాస్ట్ అంటూ మీడియం, స్లో వరకూ మెట్లు ఉంటాయి. పేరులో వేగం తగ్గేకొద్దీ అదే బిట్‌రేటుకు (సెకనుకు పంపే డేటాకు) బొమ్మ మెరుగుపడుతుంది గానీ ప్రాసెసర్ మీద బరువు బాగా పెరుగుతుంది. ఎవరో మీడియం పెట్టమన్నారని పెట్టి, ఆ తరువాత లైవ్ పాడైందని బాధపడేవారిని చాలామందిని చూశాను. ఆ సలహా ప్రసారానికే ఒక కంప్యూటర్ కేటాయించిన వారికి సరిపోతుంది. గేమ్ కూడా అందులోనే నడిపేవారు వెరీఫాస్ట్ దాటకపోవడమే మంచిది.

అంతకన్నా మంచి మార్గం, గ్రాఫిక్స్ చిప్పులో ఎన్‌కోడింగ్ కోసమే విడిగా పెట్టిన భాగాన్ని వాడుకోవడం. ఎన్‌విడియా కార్డుల్లో ఎన్‌వెంక్ 2012 నుంచి ఉంది. ఇంటెల్ ప్రాసెసర్లలో క్విక్ సింక్ 2011 నుంచి ఉంది. ఏఎమ్‌డీ కార్డుల్లోనూ అటువంటి ఎన్‌కోడర్ ఉంటుంది. తొలి తరాల్లో వీటి బొమ్మ కాస్త మసకగా ఉండేది కనుకనే రెండో కంప్యూటర్ పెట్టుకుని ఎక్స్264 నడిపే పద్ధతి బలపడింది. 2018లో వచ్చిన ఎన్‌విడియా ట్యూరింగ్ తరం చిప్పుల్లో ఎక్కువ వాటితో ఆ తేడా బాగా తగ్గిపోయింది. మీ వ్యాసంలోని సలహా ఆ పాత రోజులకు చెందినదని నేను అనుకోవడానికి కారణం ఇదే.

ఒక అపోహను మాత్రం ఇక్కడే తొలగించాలి. ఎన్‌వెంక్‌కు మారిపోయాక గ్రాఫిక్స్ కార్డు నిండినా పర్వాలేదని కొందరు నమ్ముతారు. ఎన్‌కోడింగ్‌కు విడి భాగం ఉన్న మాట నిజమే గానీ, అంతకుముందు జరగాల్సిన కూర్పు పని గేమ్ వాడుకునే భాగంలోనే జరుగుతుంది. కాబట్టి ఎన్‌వెంక్ వాడేవారికి కూడా గేమ్‌కు కళ్లెం తప్పదు. ఎన్‌వెంక్ సెట్టింగుల్లో లుక్ అహెడ్ అనే అదనపు సదుపాయం కార్డు శక్తినే మరికొంత తీసుకుంటుంది. మొదటి రెండు అంకెల్లో ఏది పెరుగుతున్నా దాన్ని ఆపి చూడడం మంచిది.

ఇవన్నీ చేసినా ఎన్‌కోడర్ అందుకోలేకపోతే లైవ్ చిత్రం కొలతను (రిజల్యూషన్‌ను) తగ్గించుకోవాలి. 1080పీ, 60 ఫ్రేముల లైవ్‌లో సెకనుకు దాదాపు 12.44 కోట్ల చుక్కలు ఎన్‌కోడర్ గుండా వెళ్లాలి. 720పీ, 60 ఫ్రేములైతే అవి 5.53 కోట్లు, అంటే సగం కన్నా తక్కువ. ఫోన్ తెర మీద చూసే ప్రేక్షకుడికి ఈ తేడా అంతగా తెలియదు, కానీ ఆగి ఆగి వచ్చే బొమ్మ ఎంత చిన్న తెర మీదైనా కళ్లను ఇబ్బంది పెడుతుంది. కొలత తగ్గించుకోవడాన్ని ఓటమిగా భావించే పిల్లలకు నేను ఈ మాటే చెబుతుంటాను.

ఇక మూడవ అంకె. ఇది పెరిగినప్పుడే ఇంటర్నెట్‌ను అనుమానించాలి. అప్పుడు కూడా చూడాల్సింది డౌన్‌లోడ్ వేగం కాదు, అప్‌లోడ్ వేగం. పైగా ఒక్క క్షణం కనిపించే గరిష్ఠ వేగం కాదు, గంటల తరబడి నిలిచే వేగం. ట్విచ్ వేదిక 1080పీ, 60 ఫ్రేములకు సూచించే బిట్‌రేటు సెకనుకు 6000 కిలోబిట్లు, అంటే 6 మెగాబిట్లు. అప్‌లోడ్ నికరంగా 8 మెగాబిట్లు లేనిచోట ఆ అంకె పెట్టుకోకూడదు. వైఫై వదిలి కేబుల్‌తో రూటర్‌కు కలపడం, బిట్‌రేటును స్థిరంగా ఉంచే సీబీఆర్ పద్ధతిని, 2 సెకన్ల కీఫ్రేమ్ (పూర్తి చిత్రంగా పంపే ఫ్రేము) విరామాన్ని ఎంచుకోవడం చాలావరకు సరిపోతాయి. నెట్ ఒక్కోసారి నీరసించే చోట, రద్దీని బట్టి బిట్‌రేటు తనంతట తానే తగ్గే సదుపాయం ఓబీఎస్‌లోని అడ్వాన్స్‌డ్ సెట్టింగుల్లో ఉంది. అప్పుడు ఫ్రేములు జారిపోయే బదులు బొమ్మ కాసేపు మసకబారుతుంది. మసక బొమ్మను భరించవచ్చు, తెగిన కదలికను భరించలేం.

అంకెల మీద నమ్మకం కుదరనివారికి మరొక పరీక్ష ఉంది. లైవ్ ఇస్తూనే, అదే ఎన్‌కోడర్‌తో కంప్యూటర్‌లో రికార్డు కూడా చేసి, తరువాత ఆ ఫైలు చూడాలి. లైవ్‌కు తయారైన వీడియోనే ఫైలులోకి కూడా వెళుతుంది కాబట్టి రెండోసారి ఎన్‌కోడింగ్ భారం పడదు. ఫైలు నున్నగా ఉండి లైవ్ మాత్రం తడబడితే తప్పు నెట్‌వర్క్‌ది. ఫైలు కూడా తడబడితే ఎంత పెద్ద నెట్ ప్లాన్ తీసుకున్నా ఉపయోగం ఉండదు. మూడు అంకెలూ సున్నాగా ఉండి, ఫైలు కూడా బాగుండి, ప్రేక్షకుల్లో ఒకరిద్దరే ఆగిపోతోందంటే ఆ ఇబ్బంది వారి వైపు నెట్‌లో ఉండే అవకాశమే ఎక్కువ.

లాప్‌టాప్ వాడేవారి విషయం మీ వ్యాసంలో అసలు రాలేదు. మొదటి ఇరవై నిమిషాలు బాగుండి ఆ తరువాత అంకెలు పెరగడం మొదలైతే వేడిని అనుమానించాలి. వేడెక్కిన చిప్పు తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. గాలి ఆడే చోట పెట్టడం, చార్జర్ తగిలించి ఉంచడం, విద్యుత్ పొదుపు మోడ్ ఆపడం చిన్న పనులే గానీ వాటి ప్రభావం పెద్దది. రెండు గ్రాఫిక్స్ చిప్పులున్న లాప్‌టాప్‌లో గేమ్ ఒకదాని మీద, ఓబీఎస్ మరొకదాని మీద నడిస్తే, గేమ్ క్యాప్చర్‌కు దృశ్యాన్ని అటూ ఇటూ మోయడంలోనే శక్తి ఖర్చవుతుంది. విండోస్ గ్రాఫిక్స్ సెట్టింగుల్లో రెండింటినీ ఒకే చిప్పుకు అప్పగించాలి.

ఈ పనులన్నీ ఒకేసారి చేయవద్దని కూడా పాఠకులకు చెప్పండి. ఒక మార్పు చేసి, పది నిమిషాలు లైవ్ ఇచ్చి, అంకె చూసి, ఆ తరువాతే రెండో మార్పు చేస్తే ఏది పనిచేసిందో తెలుస్తుంది. మూడు మార్పులు కలిపి చేసినప్పుడు లైవ్ బాగుపడినా, మరో గేమ్ మొదలుపెట్టగానే మళ్లీ మొదటికి వస్తాం.

పొదుపు చేసుకున్న డబ్బుతో, ఇంట్లోవాళ్లను ఒప్పించి లైవ్ మొదలుపెట్టే పిల్లలు మీ సాంకేతిక పేజీని నమ్మి చదువుతారు. అదే పేజీలో ఈ మూడు అంకెల గురించి ఒక చిన్న వివరణ ప్రచురించవలసిందిగా కోరుతున్నాను. ఇకపై ఇటువంటి ప్రశ్న పంపే పాఠకులను ఓబీఎస్ రాసిపెట్టే లాగ్ ఫైలు కూడా జతచేయమని అడిగితే బాగుంటుంది. ఏ ఎన్‌కోడర్ వాడారు, ఏ కొలతలో పంపారు, ఎన్ని ఫ్రేములు ఏ కారణం చేత పోయాయి అన్నవన్నీ అందులో ఉంటాయి.

ఇట్లు,
మీ పాఠకుడు