రైల్వే మంత్రి గారికి బహిరంగ లేఖ: ఇంజన్లతోపాటు వాటిని నడిపిన పనితనాన్నీ కాపాడండి

గౌరవనీయులైన కేంద్ర రైల్వే శాఖ మంత్రి గారికి,

నమస్కారాలు. మాది గుంటూరు. మా నాన్న మీటర్ గేజ్ (ఇప్పటి బ్రాడ్ గేజ్ కంటే ఇరుకు పట్టాల) బొగ్గింజన్ల మీద, మంటలో బొగ్గు వేసే ఫైర్‌మన్‌గా చేరి, డ్రైవరై రిటైరయ్యారు. మా చిన్నప్పుడు రైల్వే క్వార్టర్స్‌లో అర్ధరాత్రి తలుపు చప్పుడైతే ఎవరూ ఉలిక్కిపడేవాళ్లు కాదు. డ్యూటీకి పిలిచే కాల్ బాయ్ వచ్చాడన్నమాట. అతను పుస్తకం చాపితే నాన్న నిద్రకళ్లతోనే సంతకం పెట్టేవారు. అమ్మ లేచి స్టవ్ వెలిగించేది. కాసేపటికి నాన్న డ్యూటీ సామాన్ల పెట్టె, అదే లైన్ బాక్సు, తీసుకుని, మెడలో తువ్వాలు వేసుకుని షెడ్డుకు బయల్దేరేవారు. సత్తెనపల్లి, పిడుగురాళ్ల, నడికుడి మీదుగా మాచర్ల. మర్నాడు బండి గుంటూరు చేరుతుంటే, కూత వేసే తీరును బట్టి అది నాన్న ఎక్కిన బండో కాదో మేము మంచంలోంచే చెప్పేవాళ్లం.

పారతో బొగ్గు వేయడం పైకి మోటు పనిలాగే ఉంటుంది. అందులో ఎంత నేర్పుందో నాన్న చెబితేనే తెలిసింది. కుప్పగా పోస్తే మంట మందగించి పొగ నల్లగా లేస్తుంది. అంటే బొగ్గు సరిగా కాలడం లేదని అర్థం. మూలలకూ పక్కలకూ పలచగా విసరాలి. బొగ్గు మండే గది, అంటే ఫైర్‌బాక్స్, తలుపు ఎక్కువసేపు తీసి ఉంచితే చల్లగాలి లోపలికి పోయి ఆవిరి పడిపోతుంది. ముందు ఎత్తు వస్తోందంటే, బండి అక్కడికి చేరేలోపే ఆవిరి సిద్ధం చేసుకోవాలి. అన్నిటికన్నా ముఖ్యం, బాయిలర్‌లో నీళ్లెంత ఉన్నాయో చూపే గాజు గొట్టం, మా నాన్నవాళ్ల మాటలో నీళ్ల గ్లాసు, దాని మీద ఎప్పుడూ ఒక కన్ను. నీళ్లు ఫైర్‌బాక్స్ పైకప్పు కంటే కిందికి దిగితే అక్కడి సీసం ప్లగ్ కరిగి ఆవిరి మంటలోకి చిమ్ముతుంది. బాయిలర్ పేలకుండా పెట్టిన రక్షణ అది. అయినా ప్లగ్ కరిగిందంటే ఆ ఇంజను మీద ఉన్నవాళ్లకు తలవంపులే. నాన్న సర్వీసులో ఒక్కసారి కూడా కరగలేదు. ఇప్పటికీ ఈ మాట చెప్పేటప్పుడు ఆయన కుర్చీలో నిటారుగా కూర్చుంటారు. మే నెలలో ఒకవైపు పల్నాడు ఎండ, ఇంకోవైపు ఫైర్‌బాక్స్ మంట. ఆ మధ్యలో నిలబడి చేసిన పని అది.

ప్రయాణికులకు ఉండే జ్ఞాపకాలు వేరు. కిటికీలోంచి తల బయటపెడితే కంట్లో బొగ్గు నలుసు పడేది. అమ్మ చీర కొంగును ఉండగా చుట్టి, నోటితో ఊది వేడి చేసి కంటికి అద్దేది. విజయవాడ దగ్గర కృష్ణ మీదికి రాగానే బండి చప్పుడు మారిపోయేది, పెద్దవాళ్లు దణ్ణం పెట్టుకుని నదిలోకి చిల్లర విసిరేవాళ్లు. ఆ చిల్లర కోసం మేం మారాం చేసేవాళ్లం.

ఆ రోజులను వెనక్కి తెమ్మని అడగడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. బ్రాడ్ గేజ్ మీద రోజువారీ ఆవిరి బండ్లు 1995తో ముగిశాయి. మా లైను బ్రాడ్ గేజ్ అయ్యాక నాన్న ఎక్కిన ఇంజను ఆ పట్టాల మీద నిలబడే వీలే లేదు. రైళ్లు వేగంగా, శుభ్రంగా నడవడం మాకూ సంతోషమే. నా బాధ వేరే ఉంది.

కొన్నేళ్ల కిందట ఒక ఊళ్లో, ఒక ఆఫీసు ముందు దిమ్మె మీద నిలబెట్టిన పాత ఇంజను చూడటానికి నాన్నను తీసుకెళ్లాను. దానికి రంగు బాగానే వేశారు. కానీ గేజీల అద్దాల మీద కూడా అదే రంగు. నాన్న మెల్లగా మెట్లెక్కి లోపలికెళ్లి ఆవిరిని వదిలి బండిని కదిలించే రెగ్యులేటర్ హ్యాండిల్ పట్టుకున్నారు. కదల్లేదు. రంగు, తుప్పు కలిసి బిగుసుకుపోయాయి. జేబురుమాలు తీసి హ్యాండిల్‌ను కాసేపు తుడిచి దిగిపోయారు. దారంతా ఏమీ మాట్లాడలేదు.

మంత్రి గారూ, ఇనుమును ఎండావానలకు వదిలేసినా కొంతకాలం ఉంటుంది. మనుషులు ఉండరు. నిప్పు రాజేసి, గంటల తరబడి ఆవిరి కట్టి, బండిని నడిపించడం చేత్తో చేసి చూపించగలిగినవాళ్లు మా ప్రాంతంలో ఇప్పుడు ముసలివాళ్లు. ఏటా ఒకరిద్దరు వెళ్లిపోతున్నారు. వాళ్ల దగ్గరికి కెమెరాతో మనిషిని పంపండి. విజయవాడ, గుంటూరు డివిజన్లలో రిటైరైన డ్రైవర్లు, ఫైర్‌మన్లు, బాయిలర్ ఫిట్టర్ల మాటలను తెలుగులోనే, వాళ్ల షెడ్డు భాషలోనే రికార్డు చేయించండి. అప్రెంటిస్ కుర్రాళ్లలో ఇష్టమున్న కొద్దిమందిని హర్యానాలోని రేవాడి షెడ్డుకు పంపండి. అక్కడ అక్బర్ లాంటి డబ్ల్యూపీ రకం బ్రాడ్ గేజ్ ఆవిరి ఇంజన్లను బతికిస్తూ వస్తున్నారు. నీలగిరి కొండ రైలు కోసం తిరుచ్చిలోని గోల్డెన్ రాక్ వర్క్‌షాపు ఈమధ్య కూడా కొత్త ఆవిరి ఇంజన్లు తయారుచేసింది. అంటే ఈ విద్య దేశంలో ఇంకా ఉంది, మా వైపే పోతోంది.

ఆనవాళ్లు ఎంత తొందరగా పోతాయో విజయవాడ సత్యనారాయణపురంలో చూడొచ్చు. పట్టాలు పోయిన చోట బస్సుల కోసం వేసిన బీఆర్‌టీఎస్ రోడ్డు వచ్చింది. సాయంత్రం అక్కడ టిఫిన్ తినే కుర్రాళ్లలో ఎంతమందికి అది రైలు దారని తెలుసు? నల్లమలలో దొరబావి రైలు వంతెన కూడా మీటర్ గేజ్‌తోపాటే మూలపడింది. వాటిని చూసుకునేవాళ్లు వేరే ఉన్నారు కాబట్టి ఇక్కడ ఎక్కువ రాయను.

ఇంకొక్క కోరిక. ఏడాదికి ఒక్కసారి, శీతాకాలంలో ఒక ఆదివారం, గుంటూరు నుంచి తెనాలి దాకా ఆవిరి ఇంజనుతో బండి నడపండి. పాతిక కిలోమీటర్లే. టికెట్టు ఎంత పెట్టినా పిల్లల్ని వెంటబెట్టుకుని జనం వస్తారు. ఆ రోజు ఫుట్‌ప్లేట్ మీద, అంటే ఇంజనులో డ్రైవర్ నిలబడే చోట, ఒక రిటైరైన ఫైర్‌మన్‌కు కూడా చోటివ్వండి.

మా నాన్నకు 82 ఏళ్లు. మోకాళ్లు సహకరించడం లేదు, జ్ఞాపకశక్తికి మాత్రం ఢోకా లేదు. ఉదయం పూట బాగా మాట్లాడతారు, మధ్యాహ్నమైతే నిద్రపోతారు. రికార్డు చేసేవాళ్లను పంపేటట్టయితే పదకొండులోపు వచ్చేలా చూడండి. లైన్ బాక్సు ఇంకా మంచం కిందే ఉంది, అదీ చూపిస్తాం.

ఇట్లు,
ఒక ఫైర్‌మన్ కొడుకు,
గుంటూరు