కార్పొరేటర్ గారి అమ్మాయి ఫోటో గురించి

అందరికీ నమస్కారం. నిన్న రాత్రి మన గ్రూపులో కార్పొరేటర్ గారి అమ్మాయి ఫోటో తిరిగింది. బస్టాప్‌లో ఎవరో అబ్బాయితో మాట్లాడుతోంది, అంతే. కింద వచ్చిన కామెంట్లు చదవలేకపోయాను. పొద్దున్నే తీసేశాను.

కార్పొరేటర్ గారిని అడగండి, గట్టిగా అడగండి. రెండో క్రాస్‌లో కాలువ పూడిక తీసి ఎన్నాళ్లయింది? వానొస్తే పిల్లలు చెప్పులు చేత్తో పట్టుకుని బడికి పోతున్నారు. బిల్లు ఎంతైందో అడగడం మన హక్కు. బంధువులకే కాంట్రాక్టు ఇచ్చారని కాగితాలుంటే అదీ పెట్టండి, అది ఇంటి విషయం కాదు.

1994లో రాజగోపాల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిందీ ఇదే. అధికారుల విధుల మీద విమర్శ చేయొచ్చు, కుటుంబం, పెళ్లి, పిల్లలు మాత్రం ఎవరికి వాళ్ల సొంతం. 2017 ఆగస్టు 24న 9 మంది న్యాయమూర్తులు గోప్యత ప్రాథమిక హక్కేనని తేల్చారు.

తిరుపతి గంగమ్మ జాతరలో వేషం కట్టి తిడితే అది మొక్కు, అమ్మవారికి చెల్లిపోతుంది. ఇక్కడ రాసింది ఆ పిల్ల కాలేజీదాకా పోతుంది. ఆమె మనల్ని ఓటు అడగలేదు కదా.

ఫోటో సేవ్ చేసుకున్నవాళ్లు దయచేసి డిలీట్ చేయండి. కాలువ ఫోటోలు పంపండి, సోమవారం గ్రీవెన్స్‌లో ఇద్దాం.