తపాలా బిళ్లంత బొమ్మ మీద ఇంత పట్టింపు ఎందుకంటే

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ అనుబంధంలో ఇండీ వీడియో గేమ్‌ల మీద వచ్చిన వ్యాసం చదివాను. ఇద్దరు ముగ్గురు కలిసి, ఒక్కోసారి ఒక్కరే కూర్చుని చేసే గేమ్‌లకు పేజీ మొత్తం ఇచ్చినందుకు చాలా సంతోషించాను. కానీ అందులో ఒక మాట దగ్గర ఆగిపోయాను. ఆట బాగుంటే చాలు, గేమ్‌లు అమ్మే ఆన్‌లైన్ స్టోర్‌లో గేమ్‌కు గుర్తుగా పెట్టే చిన్న బొమ్మదేముంది అన్నట్టు రాశారు. ఆ వ్యాసం పక్కనే ఆరు గేమ్‌ల బొమ్మలు తపాలా బిళ్ల సైజులో వేశారు. నేను ఈ పనిలోనే ఉన్నదాన్ని. అయినా ఆ ఆరింటిలో నాలుగు బొమ్మలు ఏ గేమ్‌లవో కింద పేరు చదివితే తప్ప తెలియలేదు. స్టోర్‌లో కొనేవాళ్లకు మొదట కనబడేది కూడా ఇంచుమించు ఆ సైజులోనే. అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను.

కంప్యూటర్ గేమ్‌లు అమ్మే ఆన్‌లైన్ స్టోర్ స్టీమ్‌లో ఈ బొమ్మను క్యాప్సూల్ అంటారు. 2024 ఒక్క ఏడాదిలోనే అక్కడ 18 వేలకు పైగా గేమ్‌లు విడుదలయ్యాయి. అంత గుంపులో మన గేమ్ ఎవరి కంటనైనా పడేది రెప్పపాటు సేపే. ఆట ఎంత బాగుందో తెలియాలంటే ముందు ఎవరో ఒకరు దాని మీద నొక్కాలి కదా.

నా సొంత అనుభవం చెబుతాను. నేను ఒక్కదాన్నే మూడేళ్లు కష్టపడి ఒక గేమ్ చేశాను. పాడుబడ్డ రైల్వే స్టేషన్‌లో ఆగిపోయిన గడియారాలను ఒక్కొక్కటిగా బాగుచేసే ఆట. శత్రువులు లేరు, తుపాకులు లేవు. స్క్రూ విప్పాలి, పళ్లచక్రాలు తుడవాలి, స్ప్రింగ్ బిగించాలి, గంట మోగే దాకా ఓపిక పట్టాలి. మూడేళ్లూ ఆట మీద పెట్టి, బొమ్మ మాత్రం చివర్లో హడావిడిగా వేశాను. వానలో తడుస్తున్న స్టేషన్, పొగమంచు, ప్లాట్‌ఫారం చివర దీపం, దాని కింద నిలబడ్డ మనిషి, వెనక పెద్ద గడియారం. పేరేమో సన్నటి, వంపులు తిరిగిన అక్షరాల్లో. నా మానిటర్ మీద నిండుగా పెట్టుకుని చూస్తే కళ్లు చెమర్చాయి.

ఆ రాత్రి మా చెల్లెలు ఫోన్‌లో స్టోర్ పేజీ తెరిచి, “అక్కా, ఇది దెయ్యాల గేమా?” అంది.

ఫోన్ తీసుకుని చూశాను. గడియారం కనబడలేదు. మనిషి నల్లటి గీతలా ఉన్నాడు. పేరు బూడిదరంగు పొగలో కలిసిపోయింది. చెల్లెలు అన్నదాంట్లో తప్పేమీ లేదు. తర్వాత కొన్ని వారాల పాటు భయం కోసం వచ్చినవాళ్లు కొని, భయం ఎక్కడా లేదని వెనక్కి ఇచ్చేశారు. స్టీమ్‌లో కొన్న 14 రోజుల లోపు, ఆడింది 2 గంటలకు మించకపోతే డబ్బు వాపసు అడగొచ్చు. వాళ్లను నేను తప్పుపట్టను. వాళ్లకు తప్పుడు మాట ఇచ్చింది నా బొమ్మే. గడియారాలంటే ఇష్టపడేవాళ్లు మాత్రం ఆ బొమ్మ చూసి పక్కకు వెళ్లిపోయారు. నాకు ఎక్కువ బాధ కలిగించింది అదే.

అప్పుడు వృత్తిలో నాకంటే పెద్దావిడ ఒకరు నన్ను ఒకే ప్రశ్న అడిగారు. “నీ గేమ్‌లో చేతులు ఏం పని చేస్తాయమ్మా?” గడియారం విప్పుతాయండీ అన్నాను. “మరి అది వెయ్యి. వాన ఎందుకు?” అన్నారు.

కొత్త బొమ్మకు ఆరు వారాలు పట్టింది. మూత తెరిచిన ఒకే ఒక్క గడియారం, లోపల ఇత్తడి చక్రాల మీద పడుతున్న పసుపు వెలుగు, చిన్న పట్టకారు పట్టుకున్న రెండు వేళ్లు. ఇంకేమీ లేదు. స్టీమ్ పేజీ వెనకాల ముదురు నీలం ఉంటుంది. నా పాత బొమ్మ అంచులు ఆ నీలంలో కరిగిపోయేవి. పసుపు అలా కరగలేదు. పేరును లావు అక్షరాల్లో, రెండు వరుసల్లో వేశాను. ఈసారి చెల్లెలికి ఏమీ చెప్పకుండా ఫోన్ ఇచ్చాను. “గడియారాలు రిపేర్ చేసేదా? నేనాడతా” అంది. ఆటలో ఒక్క చక్రం కూడా మార్చలేదు సార్, మార్చింది బొమ్మ ఒక్కటే.

అప్పటి నుంచి ఇతరుల గేమ్‌లకు కూడా ఈ బొమ్మలు వేస్తున్నాను. అందరికీ మొదట చెప్పేది పెద్ద సైజులో వేయడం మొదలుపెట్టొద్దని. స్టీమ్ చిన్న క్యాప్సూల్‌ను కొన్నిచోట్ల 120 పిక్సెళ్ల వెడల్పు, 45 పిక్సెళ్ల ఎత్తుకు కుదించి చూపిస్తుంది. బొటనవేలి గోరంత చోటు అది. అందులో బొమ్మకు పెద్దగా పని ఉండదు, పేరే దాదాపు మొత్తం నిండాలి. అందుకే ముందు ఆ గోరంత చోటులో పేరు చదవగలుగుతున్నామా అని చూసుకుని, అక్కడి నుంచి పెద్ద సైజులకు వెళ్తాను. పేరు తెలుగులో ఉంటే ఇంకా జాగ్రత్త పడాలి. పైన గుడులు, కింద ఒత్తులు ఎత్తును తినేస్తాయి, మధ్యలో అక్షరానికి మిగిలేది కొంచెమే. ఒత్తులు తక్కువున్న పేరు పెట్టుకోమని ఒకరికి మొహమాటం లేకుండా చెప్పాను కూడా.

ఇంకో పొరపాటు కూడా తరచూ చూస్తాను. ఒకే బొమ్మ వేసి అన్ని సైజులకూ కత్తిరించేస్తారు. స్టోర్‌లో ఒకటి 920×430 పిక్సెళ్లతో అడ్డంగా ఉంటుంది, ఇంకొకటి 748×896తో నిలువుగా. అడ్డబొమ్మను నిలువుకు కత్తిరిస్తే మనిషి చెయ్యో, పేరులో సగమో పోతుంది. పేరు, ముఖ్యమైన వస్తువు, వెనకటి దృశ్యం వేర్వేరు లేయర్లలో, అంటే విడివిడి పొరల్లో, ఉంచుకుంటే ఒక్కో సైజుకూ మళ్లీ అమర్చుకోవచ్చు. పని ఎక్కువే, కానీ దానికి దగ్గరి దారి నాకైతే దొరకలేదు.

బొమ్మ మీద బహుమతుల ముద్రలు, సమీక్షల నక్షత్రాలు, తగ్గింపు శాతాలు అంటించే అలవాటు ఒకప్పుడు బాగా ఉండేది. 2022 సెప్టెంబర్ 1 నుంచి స్టీమ్ దాన్ని ఆపేసింది. గేమ్ బొమ్మ, పేరు, అధికారికంగా ఉన్న ఉపశీర్షిక, అంతే. చాలామంది గొణిగారు గానీ నాకు ఆ నిబంధన నచ్చింది. గోరంత చోటులో నక్షత్రాలు అంటిస్తే అసలు బొమ్మకు చోటేది?

బొమ్మ అనేది ఈమధ్య వచ్చిన అమ్మకపు ఎత్తుగడ అని కూడా మీ వ్యాసకర్త అన్నారు, అది నిజం కాదు. 1977లో టీవీకి తగిలించి ఆడే అటారీ 2600 అనే గేమ్ యంత్రం వచ్చినప్పుడు తెర మీద కనబడేవి మొరటు చదరాలే. అట్టపెట్టె మీద క్లిఫ్ స్పోన్ లాంటి చిత్రకారులు గీసిన బొమ్మలు చూసి, ఆ చదరాల్లో విమానాలను, కార్లను ఊహించుకుని ఆడారు జనం. అప్పుడు ఆ పెట్టెను రెండు చేతులతో పట్టుకుని తీరిగ్గా తిప్పి చూసేవారు. ఇప్పుడు పెట్టె లేదు, తీరిక అంతకన్నా లేదు. చిత్రకారుడి పని మాత్రం అదే, చోటు తగ్గేకొద్దీ అది మరింత కష్టమైంది.

అంత కష్టమైన పనిని డెవలపర్లు, అంటే గేమ్ తయారుచేసేవాళ్లు, చివరి వారంలో అడుగుతారు. రెండు రోజుల్లో కావాలంటారు. డబ్బు మాట వస్తే, గేమ్ హిట్టయితే మీకే పేరొస్తుంది కదా అంటారు. వాళ్ల టెన్షన్ నాకు తెలుసు, నేనూ ఆ టెన్షన్ పడ్డదాన్నే. అయినా విడుదలకు నెలల ముందు, స్టోర్ పేజీ తెరిచి విష్‌లిస్ట్‌లు, అంటే తర్వాత కొందామని జనం గుర్తుపెట్టుకునే జాబితాల్లో చోటు, పోగుచేసుకునే రోజు నాటికే ఆ బొమ్మ సిద్ధంగా ఉండాలి. అంటే చిత్రకారుడిని పిలవాల్సింది ఆట సగంలో ఉన్నప్పుడు. ఆ మాట మీ పత్రికలో వస్తే, కొత్తగా గేమ్ చేస్తున్న పిల్లలు కొందరైనా చదువుతారు.

మీ నుంచి కోరేది రెండే. ఇకముందు ఇండీ గేమ్‌ల గురించి రాసినప్పుడు, గేమ్ చేసినవాళ్ల పేరు పక్కన ఆ బొమ్మ వేసినవాళ్ల పేరు కూడా వేయండి. ఆ వివరం గేమ్ క్రెడిట్స్‌లోనే ఉంటుంది, వెతకడం కష్టం కాదు. రెండోది, ఒక్క వారమైనా అలాంటి ఒక బొమ్మను రెండు కాలమ్‌ల వెడల్పున పెద్దగా అచ్చువేసి, దాని పక్కనే స్టోర్‌లో కనబడే గోరంత సైజులోనూ వేసి చూపించండి. కావాలంటే నా పాత వాన బొమ్మ, కొత్త గడియారం బొమ్మ రెండూ పంపిస్తాను.

ఇట్లు,
ఒక ఇండీ గేమ్ చిత్రకారిణి