మధ్యాహ్నం పూట తాళం వేసి ఉండే గ్రంథాలయం

సంపాదకుల వారికి,

తెలుగువాళ్లు పుస్తకాలు చదవడం మానేశారని ఈమధ్య మీ పత్రికలో రెండు మూడు ఉత్తరాలు వరసగా వచ్చాయి. రాసిన పెద్దలంతా ఫోన్లను తిట్టారు. ఫోన్ నేనూ చూస్తాను, దాన్ని వెనకేసుకురావడం లేదు. కానీ ఈ ఏడాది మా ఇంట్లో ఏ పుస్తకం ఎలా చదివామో చెబితే చిక్కు ఎక్కడుందో తెలుస్తుందని ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను.

మా అత్తగారికి 84 ఏళ్లు. శుక్లాలు తీయించినా అచ్చక్షరం ఆనడం లేదు. మధ్యాహ్నం అన్నాలయ్యాక నేను పైకి చదువుతుంటే ఆవిడ మంచం మీద పడుకుని వింటారు. నచ్చకపోతే గురక పెడతారు. పుస్తకాలకు మార్కులు వేసే పద్ధతి మా ఇంట్లో అదే.

ఏనుగుల వీరాస్వామయ్య గారి ‘కాశీయాత్ర చరిత్ర’తో మొదలుపెట్టాం. మద్రాసు సుప్రీం కోర్టులో ఇంటర్‌ప్రిటర్‌గా పనిచేసిన ఆయన 1830 మే 18న బయలుదేరి, కాశీ చూసుకుని 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరారు. రైళ్లు లేని కాలం, వెంట దాదాపు వందమంది. ఏ ఊళ్లో ఎన్ని ఇళ్లున్నాయి, నీళ్లు ఎలాంటివి, అంగట్లో ఏం దొరుకుతాయి అని మజిలీ మజిలీకీ రాసుకుంటూ పోతారు. వంద పేజీలయ్యేసరికి నాకు విసుగొచ్చింది, దాచడమెందుకు. అత్తగారికి మాత్రం రాలేదు. “అమ్మాయ్, ఇంతమందికి వంట ఎవరు చేశారో రాశాడేమో చూడు” అని రెండుసార్లు పేజీలు వెనక్కి తిప్పించారు.

బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’కి మూడో రోజే గురక వినిపించింది. ఈసారి ఆవిడ్ని తప్పు పట్టలేకపోయాను. ఇరవయ్యేళ్ల వయసులో అందులోని కథానాయకుడు దయానిధి కోసం ఏడ్చినదాన్ని నేను. ఇప్పుడు చదివితే “ఇంతకీ ఏం కావాలయ్యా నీకు” అని అడగాలనిపించింది. వాక్యాలు మాత్రం ఇప్పటికీ బాగున్నాయి.

కేశవరెడ్డి గారి ‘అతడు అడవిని జయించాడు’ తీసినప్పుడు “పంది కథా?” అని మూతి ముడిచారు. అడవిలోకి వెళ్లిపోయిన ఈనే పంది కోసం ఒక ముసలివాడు వెతుక్కుంటూ పోవడం, రాత్రి, నక్కలు. అంతే కథ. మూడు మధ్యాహ్నాల్లో అయిపోయింది. ఆఖరి రోజు కాఫీ టైము దాటినా ఆవిడ లేవలేదు. ముగింపు చెప్పను, చదవనివాళ్లుంటారు.

అన్నిటికన్నా ఎక్కువ రోజులు మాట్లాడుకున్నది ఓల్గా గారి ‘విముక్త’ గురించి. 2015లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చిన చిన్న కథల పుస్తకం. అందులో ఊర్మిళ పద్నాలుగేళ్లూ నిద్రపోదు, తలుపేసుకుని తనలో తాను తర్కించుకుంటుంది. మా అత్తగారికి ‘ఊర్మిళాదేవి నిద్ర’ పాట మొత్తం నోటికొచ్చు. వాళ్లమ్మ దగ్గర నేర్చుకున్నారట. లక్ష్మణుడు తిరిగొచ్చి పిలిస్తే, ఎవడో పరాయి మగవాడు గదిలోకొచ్చాడని ఊర్మిళ కోప్పడే చోటు పాడేటప్పుడు ఇప్పటికీ గొంతు పెంచుతారు. అలాంటి మనిషికి ఈ కథ నచ్చదేమోనని భయపడుతూనే చదివాను. ఆవేళ ఏమీ అనలేదు. మర్నాడు చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ, “పాటా తప్పు కాదు, ఈవిడ రాసిందీ తప్పు కాదు. పద్నాలుగేళ్లు తలుపు తీయని ఆడదాన్ని చూస్తే బయటివాళ్లు నిద్రపోతోందనే అంటారు” అన్నారు. ఆ మాట రచయిత్రికి చేరితే బాగుండుననిపించింది.

ఇక అసలు సంగతి. పైన చెప్పిన నాలుగు పుస్తకాల్లో ఒక్కటి కూడా మా ఊరి శాఖా గ్రంథాలయంలో దొరకలేదు. రెండు మా తమ్ముడి కొడుకు విజయవాడ పుస్తకాల పండుగలో కొని తెచ్చినవి, ఒకటి పక్కవీధి టీచరు గారిది, ఇంకొకటి పుట్టింటి అటక మీద నుంచి దింపింది. గ్రంథాలయం నుంచి తెచ్చుకోగలిగింది ఒక్క కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ నవల. దానికి చివరి పదహారు పేజీలు లేవు. పైగా పన్నెండో పేజీలో ఎవరో పుణ్యాత్ముడు ఒక పాత్ర పేరు చుట్టూ పెన్సిల్‌తో సున్నా చుట్టి “హంతకుడు వీడే” అని రాసిపెట్టాడు.

అక్కడ బీరువాల నిండా గ్రూప్స్ గైడ్లే. ఉద్యోగాల కోసం వచ్చి చదువుకునే పిల్లలకు అవి ఉండాల్సిందే, దానికి నేను అడ్డం చెప్పను. కానీ పదేళ్లలో ఒక కొత్త కథల పుస్తకమైనా వచ్చిన గుర్తు లేదు. ఇంటి పన్ను కట్టిన ప్రతిసారీ రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను కూడా మన దగ్గర వసూలు చేస్తారు. 1960 నాటి చట్టం అది. ఊరు వసూలు చేసిన ఆ డబ్బు జిల్లా గ్రంథాలయ సంస్థకు చేరాలి. చేరక బకాయిలు పడ్డాయన్న వార్త మీ పత్రికలోనే చాలాసార్లు చదివాను. ఎంత చేరిందో, అందులో పుస్తకాలకెంత ఖర్చయిందో ఏడాదికోసారి గ్రంథాలయం గోడకు అంటిస్తే చాలు, మిగతాది మేం అడిగి తెలుసుకుంటాం. పాఠకులు కావలసిన పుస్తకం పేరు రాసే రిజిస్టరు ఒకటి బల్ల మీద పెట్టాలి. ఇప్పుడది అడిగితే అలమరలో వెతుకుతున్నారు.

ఇంకొకటి వేళలు. మా దగ్గర పొద్దున 8 నుంచి 11, సాయంత్రం 4 నుంచి 7. ఈ వేళలు పెట్టిన వాళ్లు ఎప్పుడూ పొయ్యి దగ్గర నిలబడి ఉండరు. ఇంట్లో ఆడవాళ్లకు ఆ రెండు పూటలే ఊపిరాడనిది. కాస్త తీరిక దొరికే మధ్యాహ్నం అక్కడ తాళం. ఇదే గుంటూరు జిల్లాలో 1935లో గ్రంథాలయోద్యమం నడిపిన పాతూరి నాగభూషణం గారు కాలువ పడవల్లో పుస్తకాల పెట్టెలు పెట్టించారు. పడవలో కూర్చున్నవాడికి తీరిక ఉంటుంది కాబట్టి పుస్తకం అక్కడికే వెళ్లింది. మేం పడవలు అడగడం లేదు. వారానికి రెండు రోజులు, ఒంటిగంట నుంచి నాలుగు దాకా తలుపులు తీసి ఉంచమంటున్నాం.

ఆ డిటెక్టివ్ నవల ఇంకా మా ఇంట్లోనే ఉంది. పెన్సిల్ ఆయన నిజం చెప్పాడో లేదో తేలేదాకా తిరిగి ఇవ్వడానికి అత్తగారు ఒప్పుకోవడం లేదు.

— ఒక పాఠకురాలు, గుంటూరు జిల్లా