ఆడని తొమ్మిది మ్యాచ్‌లకు సగటు లెక్కా?

సంపాదకుల వారికి నమస్కారం.

జూలై ఆఖర్లో మీ క్రీడా పేజీ కింద మూలన నాలుగు లైన్ల వార్త వేశారు. స్కాట్లాండ్ రెండో శ్రేణి ఫుట్‌బాల్ లీగ్‌లో ఆఖరి స్థానంలో నిలిచిన పార్టిక్ థిసిల్ జట్టు, కింది లీగ్‌కి దిగడం ఇష్టం లేక కోర్టుకెక్కి ఓడిపోయిందని దాని సారాంశం. చదివిన రోజే రాద్దామనుకున్నాను. కోపంలో రాస్తే మాట తూలుతుందని ఆగాను. ఈ వారం ఇక్కడ జరిగిన పరీక్షల గొడవ చూశాక ఇక ఆగబుద్ధి కాలేదు.

పదకొండేళ్లుగా గ్లాస్గోలో మేరీహిల్ అనే పేటలో ఉంటున్నాను. థిసిల్ మైదానం ఫర్‌హిల్‌కి మా ఇంటి నుంచి నడిచి వెళ్లిపోవచ్చు. మీ వార్తలో 'ఆఖరి స్థానంలో నిలిచిన' అన్న మాట నన్ను బాధపెట్టింది. ఆ జట్టు ఎక్కడా నిలవలేదండీ. పరుగు మధ్యలో ఆపేసి, ఆఖరు నువ్వేనని చెప్పారు.

చాంపియన్‌షిప్ అనే ఆ లీగ్‌లో 10 జట్లు. ఒక్కొక్కటి 36 మ్యాచ్‌లు ఆడాలి. 2020 మార్చి 13న కరోనా వల్ల ఆట ఆగేసరికి థిసిల్ 27 మ్యాచ్‌లాడి 26 పాయింట్లు తెచ్చుకుంది. దానికి సరిగ్గా పైనున్న క్వీన్ ఆఫ్ ద సౌత్‌కి 28 మ్యాచ్‌ల్లో 28 పాయింట్లు. తేడా రెండే పాయింట్లు, పైగా మావాళ్లు ఒక మ్యాచ్ తక్కువ ఆడారు. అది గెలిస్తే మూడు పాయింట్లొచ్చి మేమే పైన ఉండేవాళ్లం. ఇంకా 27 పాయింట్లకు ఆట మిగిలి ఉండగా, ఆడినంతవరకు మ్యాచ్‌కి ఎన్ని పాయింట్లని సగటు తీశారు. వాళ్లది 1.00, మాది 0.96. ఆ 0.04 చూపించి 1876లో పుట్టిన క్లబ్బును మూడో శ్రేణికి తోసేశారు.

క్రికెట్‌లో వాన వల్ల ఆట ఆగితే వేసే డక్‌వర్త్ లూయిస్ లెక్క లేదా అని ఇక్కడి మన తెలుగువాళ్లే నాతో వాదించారు. ఉంది. కానీ అది టాస్ వేయకముందే రూల్స్‌లో ఉంటుంది. వన్డేలో రెండో జట్టు బ్యాటింగ్‌లో కనీసం 20 ఓవర్లు పడకపోతే ఆ లెక్క కూడా పనికిరాదు. ఇక్కడ ఆట ఆగి, ఎవరెక్కడున్నారో అందరికీ తెలిశాక లెక్క ఎలా వేయాలో తేల్చారు. ఓట్లు వేసింది ఎవరు? ఆ లెక్కలో లాభమో నష్టమో ఉన్న క్లబ్బులే.

ఆ ఓటింగ్ సంగతి మీరు రాయనే లేదు. సీజన్‌ను అక్కడితో ముగించి, సగటు లెక్కతో స్థానాలు తేల్చాలన్నది తీర్మానం. చాంపియన్‌షిప్‌లోని పదింటిలో ఎనిమిది ఒప్పుకుంటేనే అది నెగ్గుతుంది. థిసిల్, ఇన్వర్నెస్ వద్దన్నాయి. డండీ కూడా వద్దంటూ ఏప్రిల్ 10 సాయంత్రం ఐదులోపే మెయిల్ పంపింది. అది లీగ్ ఆఫీసు మెయిల్ ఫిల్టర్‌లో చిక్కుకుపోయింది. ఈలోగా ఆఫీసువాళ్లు మిగతా ఓట్ల లెక్క బయటపెట్టేశారు. ఇంకొక్క ఓటు ఎటు పడితే అటే ఫలితమని ఊరంతటికీ తెలిసిపోయింది. డండీ తన ఓటును లెక్కలోకి తీసుకోవద్దని చెప్పి, ఏప్రిల్ 15న సరేనంటూ ఓటేసింది. ఎనిమిది రెండుతో తీర్మానం నెగ్గింది. చట్టప్రకారం అలా మార్చుకోవచ్చన్నారు. అయి ఉండొచ్చు. మా ఊళ్లో వార్డు మెంబరు ఎన్నికల్లో కూడా పెట్టెలో పడ్డ ఓటును మళ్లీ తీసి మార్చనివ్వరు. కోట్ల రూపాయల లీగ్‌కి ఆ మాత్రం పద్ధతి ఉండొద్దా?

అన్నిటికంటే నాకు మింగుడుపడనిది ఇంకొకటుంది. మామూలుగా తొమ్మిదో స్థానం జట్టు కింది లీగ్ జట్లతో ప్లేఆఫ్ అనే అదనపు మ్యాచ్‌లు ఆడి తన చోటు నిలబెట్టుకోవాలి. ఆడే పరిస్థితి లేదని ప్లేఆఫ్‌లు రద్దు చేశారు, తొమ్మిదో జట్టు బతికిపోయింది. నాలుగో శ్రేణిలో అట్టడుగునున్న బ్రీచిన్ సిటీ కూడా అలాగే, ప్లేఆఫ్ లేక తన చోట తాను ఉండిపోయింది. రెండో స్థానంలో ఉన్న ఇన్వర్నెస్‌కి మాత్రం అదే రద్దు వల్ల పైకెళ్లే దారి మూసుకుపోయింది. ఆడలేకపోవడమనే ఒకే కారణం ఒకరిని కాపాడింది, ఒకరిని ముంచింది.

మొదటి స్థానంలో ఉన్న డండీ యునైటెడ్ మీద నాకే కోపమూ లేదు (ఓటు మార్చిన డండీ వేరే క్లబ్బు). 14 పాయింట్ల ఆధిక్యంలో ఉన్నారు, వాళ్ల ఆటగాడు షాంక్‌లాండ్ ఒక్కడే లీగ్‌లో 24 గోల్స్ కొట్టాడు. 2016 నుంచి నాలుగేళ్లు పైలీగ్ కోసం ఎదురుచూశారు. వాళ్లను పంపించాల్సిందే. అందుకోసం ఎవరినో కిందికి తోయాల్సిన పనేముంది? లీగ్‌లో జట్ల సంఖ్య పెంచితే సరిపోయేది. జూన్‌లో ఆ ప్రతిపాదన వచ్చింది, తగినంత మద్దతు లేక పోయింది. సీజన్ ముగిసిందని ప్రకటిస్తే తప్ప ప్రైజ్ మనీ పంచలేమని, చిన్న క్లబ్బులు డబ్బుల్లేక మూతపడతాయని తొందరపెట్టారు. నిజమే, డబ్బు అవసరమే. ఆ అవసరం అప్పుగా ఇచ్చి తీర్చొచ్చు కదా. థిసిల్ కోర్టుకెళ్తే, జూలై 3న ఎడిన్‌బరో జడ్జి ఫుట్‌బాల్ సంఘం మధ్యవర్తుల దగ్గర తేల్చుకోమన్నారు. 27న తలుపులు మూసిన గదిలోంచి తీర్పు వచ్చింది. మీరు వేసిన వార్త దాని తోకముక్క.

ఈ క్లబ్బు ఎలాంటిదో కూడా చెప్పాలి. లాటరీలో పెద్ద మొత్తం గెలిచిన కోలిన్ వీర్ అనే అభిమాని, 2019 నవంబర్‌లో మెజారిటీ షేర్లు కొని అభిమానులకే ఇచ్చేస్తానన్నాడు. డిసెంబర్ 27న చనిపోయాడు. మా కింది ఫ్లాట్ పెద్దాయన 1971లో లీగ్ కప్ ఫైనల్లో థిసిల్ 4-1తో సెల్టిక్‌ను ఓడించినప్పుడు స్టేడియంలో ఉన్నాడు. ఏప్రిల్ 15 సాయంత్రం ఆయన కిటికీకి వేలాడే ఎరుపు పసుపు మఫ్లర్‌ని తీసి, మడతపెట్టి లోపలికి పట్టుకెళ్లాడు. మావాడికి తొమ్మిదేళ్లు. మిగిలిన తొమ్మిది మ్యాచ్‌లకు పాత క్యాలెండర్ వెనక గళ్లు గీసి ఫ్రిజ్‌కి అంటించుకున్నాడు. ఏ గడిలో ఏం రాయాలి నాన్నా అని అడిగితే నా దగ్గర సమాధానం లేదు. ఆ కాగితం ఇంకా అక్కడే ఉంది, గళ్లన్నీ ఖాళీగా.

ఇక పరీక్షల గొడవ. ఇక్కడా పరీక్షలు జరగలేదు. టీచర్లు వేసిన గ్రేడ్లను, ఆ బడికి గత ఏళ్లలో ఏ ఫలితాలొచ్చాయో చూసి సర్దారు. ఆగస్టు 4న ఫలితాలొస్తే సుమారు 1,25,000 గ్రేడ్లు తగ్గిపోయాయి. హయ్యర్ అనే ఇక్కడి పై తరగతుల పరీక్ష పాసయినవాళ్ల శాతం, టీచర్ల అంచనా కంటే బాగా పేద పేటల్లో 15.2 పాయింట్లు తగ్గితే, సంపన్న పేటల్లో 6.9 మాత్రమే. పిల్లలు వీధికెక్కారు. సరిగ్గా వారానికి, 11న విద్యామంత్రి ఆ కోతలన్నీ వెనక్కి తీసుకున్నారు. మన రెండు రాష్ట్రాల్లోనూ జూన్‌లో పదో తరగతి పరీక్షలు రద్దు చేసి పిల్లలందరినీ పాస్ చేశారు. రాయని పరీక్షకు ఎవరినీ ఫెయిల్ చేయకూడదని ప్రభుత్వాలకు అర్థమైంది. ఆటను నడిపేవాళ్లకు ఎందుకు అర్థం కాదు? బంతి దొర్లకుండా ఒక జట్టు ఓడిపోవడమేంటి?

ఐపీఎల్ యూఏఈకి మారితే పేజీలకు పేజీలు రాశారు, సంతోషం. విదేశీ ఆటల వార్తలకు మాత్రం ఏజెన్సీ పంపిన ముక్కని అలాగే అచ్చేస్తున్నారు. ముప్పై ఏళ్లుగా మీ పత్రిక చదువుతున్నాను. ఒకప్పుడు మీ క్రీడా పేజీలో ఓడినవాళ్లు ఎందుకు ఓడారో కూడా ఉండేది.

అక్టోబర్‌లో థిసిల్ మూడో శ్రేణిలో ఆట మొదలుపెడుతుంది. అప్పుడు మళ్లీ వార్త వేస్తే, 'ఆఖరి స్థానంలో నిలిచిన' అనకండి. 'తొమ్మిది మ్యాచ్‌లు మిగిలి ఉండగా కిందికి దించిన' అని రాయండి. రెండు మూడు మాటలు ఎక్కువ పడతాయి, అంతే.

— మీ పాఠకుడు, మేరీహిల్, గ్లాస్గో