ఐదో తరగతిలో ఏడాదిన్నర పిల్లాడు: మంత్రి గారికి బహిరంగ లేఖ

రాష్ట్ర మహిళా శిశు సంక్షేమ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను కర్నూలు జిల్లా కోసిగి మండలంలో టీచరును. నా తరగతిలో ఒక అమ్మాయి పత్తితీతల కాలమంతా ఏడాదిన్నర తమ్ముణ్ణి చంకన వేసుకుని బడికి వస్తుంది. వాణ్ణి కిటికీ కింద గోనెపట్టా మీద పడుకోబెట్టి, ఎడమచేత్తో జోకొడుతూ కుడిచేత్తో భిన్నాల లెక్కలు చేస్తుంది. వాడు లేచాడా, లెక్క అక్కడికే ఆగిపోతుంది. కోప్పడలేను. కోప్పడితే మర్నాడు ఇద్దరూ రారు.

అంగన్‌వాడీ లేదా అని మీరు అడగవచ్చు. ఉంది. 1975లో అంగన్‌వాడీలను నడిపే ఐసీడీఎస్ (సమగ్ర శిశు అభివృద్ధి పథకం) మొదలైనప్పటి నుంచి అది పల్లెలకు చేసిన మేలు చిన్నది కాదు. అయితే అక్కడి ఆటపాటల చదువు మూడేళ్లు నిండినవారికే. ఆదోని పట్టణంలోని ఎల్‌కేజీ, యూకేజీలు ఫీజు కట్టగలిగినవారివి. చంటిపిల్లలను పగలంతా చూసుకునే చోటు మాత్రం మా ఊళ్లో లేదు. తెల్లవారుజామున పత్తిచేలకు ఆటో ఎక్కే తల్లికి కావలసింది అదే.

50 మంది ఉద్యోగులున్న సంస్థ శిశు సంరక్షణ కేంద్రం పెట్టాలని 2017 ప్రసూతి చట్ట సవరణ చెప్పింది. పత్తిచేనుకు హాజరు పట్టీ ఎక్కడిది? పనిచోట ఐదుగురు పసిపిల్లలుంటే వారిని చూడటానికి ఒక మహిళను నియమించాలని ఉపాధి హామీ చట్టమూ చెప్పింది. ఆ పథకం 2006లో మొదలైంది మన అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే. నేను చూసిన పనిచోట్ల పిల్లలకు దిక్కు చెట్టుకొమ్మ, చీర ఉయ్యాల.

పత్తి అయిపోగానే సుగ్గి, అంటే కూలికి వలస. ఊరు సగం గుంటూరు మిరప చేలకు పోతుంది. బడి పిల్లలకు సీజనల్ హాస్టళ్లు పెడతారు సరే, పాలు మానని బిడ్డ హాస్టల్లో ఉండలేడు కదా! వాడు తల్లి వెంట మిరప ఘాటులోకి వెళ్లవలసిందే.

కేంద్రం 'పాల్నా' పథకంలో ఆరు నెలల నుంచి ఆరేళ్ల వరకు పిల్లలను చూసుకుంటారు. నెలకు 26 రోజులు, రోజుకు ఏడున్నర గంటలు. మాకు ఆ గంటలు చాలవు. పత్తితీతల నెలల్లో పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకా నడిచే కేంద్రం మండలానికి ఒక్కటైనా ఇవ్వండి. ఆయాకు అదనపు గంటలకు కూలి కట్టివ్వండి, ఉన్న అంగన్‌వాడీ టీచరు నెత్తిన రుద్దకండి. ఆమె ఇప్పటికే ఫోన్‌లో వివరాలు ఎక్కించలేక సతమతమవుతోంది. గుంటూరు వైపు గుడారాలు పడే ఊళ్లలోనూ అలాంటివి కావాలి.

సంక్రాంతి దాటితే వాహనాలు కదులుతాయి. ఆలోపు కోసిగిలో ఒక్క కేంద్రం తెరిపించండి. గది మా బడిలోనే ఖాళీగా ఉంది, తాళంచెవి నా దగ్గరే ఉంది.

ఇట్లు,
కోసిగి మండలంలో ఒక ఉపాధ్యాయురాలు